రెండోసారి అడిగే పెట్టె

ఎక్కడైనా కంప్యూటర్ ‘టంగ్’మని మోగితే ఇప్పటికీ నా చెయ్యి ఉన్నచోటే ఆగిపోతుంది. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుని, చేయమంటారా వద్దా అని అడిగేటప్పుడు వచ్చే చప్పుడది. నిన్న మందుల దుకాణంలో అదే జరిగింది. సంచి అందుకోబోయి అలాగే నిలబడిపోతే కౌంటర్లో ఉన్నాయన నన్ను వింతగా చూశాడు. నాకు ఈ అలవాటు చేసింది అనసూయక్క. ఆమె పోయి ఏడాది దాటింది.

అక్క మాకు చుట్టమేమీ కాదు. సొంతూరు చేగుంట. మెదక్‌లో చర్చికి వెళ్లే దారిలో ఒకే గదిలో ఆఫీసు పెట్టుకుని దవాఖానాలకు, బడులకు, ఎరువుల దుకాణాలకు ప్రోగ్రాములు రాసిచ్చేది. డిగ్రీ అయ్యాక ఆమె దగ్గర పనికి కుదిరాను. మొదట నాకు అప్పగించింది ఒక దవాఖానా ప్రోగ్రాములో పేషెంటు పేరు తీసేసే ముందు అడిగే చిన్న ఫారం. ఒక వాక్యం, రెండు బటన్లు, అంతే. ‘ఆర్ యూ ష్యూర్?’ అని రాసి, కర్సర్ ‘ఎస్’ మీద ఉంచి, గర్వంగా చూపించాను.

“ఎవల్ని తీసేస్తున్నవ్?” అంది అక్క.

“ఎవల్నన్న అక్కా. అందరికి గదే ఫారం.”

“గట్లెట్ల? పేరు, ఊరు చెప్పి అడగాలె. జనం చూస్కోకుంట ఎంటర్ కొడ్తరు. చెయ్యి జారినా మనిషి మిగలాలె.”

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని లోపల గొణుక్కుంటూనే మార్చాను. ‘శివ్వంపేట లక్ష్మి పేరు తీసేయమంటారా?’ అని అడిగేలా చేశాను. బటన్లు ‘తీసెయ్యి’, ‘వద్దు’. కర్సర్ ‘వద్దు’ మీదే ఉండాలి. ఆ ఒక్క ఫారంతో ఆ రోజంతా సరిపోయింది.

ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. తలుపు తీసి ఇద్దరం విసురుకుంటూ కూర్చున్నాం. బయటి నుంచి “స్వప్నా” అని ఎవరో పిలిచారు. ‘ఆ’ అనబోయాను. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి మంచులా ఉంది.

“ఒక్క పిలుపుకు పలకకు. మనుషులైతే మళ్ల పిలుస్తరు.”

మళ్లీ ఎవరూ పిలవలేదు. గుమ్మంలోకి వెళ్లి చూశాను. రోడ్డు మీద ఎండ తప్ప మనిషి లేడు.

“మా చిన్నమ్మ గిట్లనే ఒక్క పిలుపుకు పలికింది. పొద్దుగూకకముందే పాణం పోయింది,” అంది అక్క, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా. కరెంటు వచ్చాక నా ఫారం వైపు చూపించింది. “మిషిన్ గుడ గంతే. ఒకసారి నొక్కంగనే పలుకొద్దు. మళ్ల అడగాలె.”

నాకు నవ్వు రాలేదు.

పోయిన సంవత్సరం గుండెపోటుతో అక్క పోయింది. ఆమె చూపించుకున్నది కూడా నేను మొదట ఫారం రాసిన దవాఖానాలోనే. ప్రోగ్రాములో పేరు ఉన్నంతకాలం, చెకప్‌కు రమ్మని నెలనెలా ఆమె ఫోనుకు మెసేజ్ వెళుతూనే ఉంటుంది. ఆ ఫోను ఆమె భర్త నారాయణ బావ దగ్గర ఉంది.

“మెసేజ్ వచ్చిన దినం నాకు బుక్క దిగుతలేదు, స్వప్నా. జర ఆపియ్యి,” అన్నాడు బావ.

దవాఖానాకు వెళ్లాను. కంప్యూటర్ దగ్గర ఉండే శేఖర్ అప్పటికే పరేషాన్‌లో ఉన్నాడు.

“సచ్చిపోయినోళ్లందరి పేర్లు పోయినయ్, అనసూయ మేడమ్ పేరే పోతలేదు. ఎన్నిసార్లు నొక్కినా మళ్ల అడుగుతుంది.”

“ఎంటర్ కొడ్తున్నవేమో.”

“లేదక్కా. తీసెయ్యి మీదనే నొక్కిన, ఒట్టు.”

అతని కుర్చీలో కూర్చుని నొక్కాను. ‘టంగ్’మంది. ‘చేగుంట అనసూయ పేరు తీసేయమంటారా?’ నేను రాసిన వాక్యమే. కర్సర్ ‘వద్దు’ మీద ఉంది. దాన్ని ‘తీసెయ్యి’ మీదికి జరిపాను.

“స్వప్నా.”

పిలుపు నా వెనక, తలుపు దగ్గర నుంచి వచ్చింది. అక్క గొంతే.

“ఎవలో పిలుస్తుండ్రు మిమ్మల్ని,” అన్నాడు శేఖర్, తలుపు వైపు చూస్తూ. “గాడ ఎవలు లేరే.”

భయం వేసింది. అంతకంటే ఎక్కువగా పలకాలనిపించింది. మాట గొంతుదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి, చెయ్యి గాల్లో ఉంచి, రెండో పిలుపు కోసం చూశాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బావ ముఖం గుర్తొచ్చింది. నొక్కాను. ఈసారి పెట్టె మళ్లీ అడగలేదు. అక్క పేరు పోయింది.

ఆ తర్వాత బావకు మెసేజ్ రాలేదు. అన్నం తింటున్నానని చెప్పాడు. నేను మాత్రం, ఒక్క పిలుపుకు పలకొద్దని అక్క నేర్పినదాన్ని అక్కమీదే ప్రయోగించానేమోనని కుమిలిపోతుంటాను. ఇప్పటికీ నేను రాసే ప్రతి ఫారంలో కర్సర్ ‘వద్దు’ మీదే ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు పోతే తలుపు తీసి, దానికి దగ్గరగా కూర్చుంటాను. ఇంకొక్కసారి పిలిస్తే పలుకుతాను.