ఊది చూడని ఫోను

ఆ రోజుల్లో, అంటే మా రామతీర్థానికి ఫోర్జీ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఫోను డబ్బా మీది చిన్న అక్షరాలు చదవగలిగినవాడల్లా మేధావే. మా ఇంట్లో ఆ మేధావిని నేను. మా పెదనాన్న గుళ్ళో సన్నాయి వాయించేవాడు. పెళ్ళిళ్ళ కబుర్లు ఫోన్లోనే వచ్చేవి కనుక, ఆయనకు కొత్త ఫోను ఎంచే పని నా మీద పడింది.

"మన టవరుకి తగ్గ బ్యాండు ఉండాల పెదనాన్నా" అన్నాను.

"బ్యాండోళ్ళ వల్లే గదరా మనకి బేరాలు తగ్గినాయి. ఫోన్లో కూడా ఆళ్ళేనేటి?" అన్నాడాయన.

మా సిమ్ము కంపెనీ సిగ్నలు మూడు, ఐదు, నలభై నంబర్ల బ్యాండ్లలో వస్తుందని ఎక్కడో చదివాను. విజయనగరం దుకాణంలో నాకు నచ్చిన ఫోనుకి మూడో నంబరూ, నలభయ్యో నంబరూ ఉన్నాయి. మూడింటికి రెండంటే ఫస్టు క్లాసు (నేను జన్మలో తెచ్చుకోని మార్కులు). అక్కడే సిమ్ము వేసి చూస్తే సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి. కొనేసి, పాత ఫోను మార్పిడికి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్న పదిలోగా భావనపాడు నుంచి పెళ్ళికూతురి తండ్రి ఫోను చేస్తానన్నాడు. ఆ వేసవి మొత్తానికి పెదనాన్నకు తగిలిన ఒకే ఒక్క పెళ్ళి. తీరా చూస్తే ఇంట్లో ఒక్క గీతా లేదు. మా ఊరి టవరుది ఆ మిగిలిపోయిన ఐదో నంబరని పక్కింటి కంపౌండరు చెప్పాడు. అప్పటికి తొమ్మిదిన్నర. హారతి పట్టినట్టు ఫోను పైకెత్తి పట్టుకుని కొండ మెట్లెక్కాను. సగం దూరంలో ఒక గీత వచ్చి, నన్ను చూసి పోయింది. పైకి చేరేసరికి పది దాటింది. అప్పుడు మోగింది.

"నాలుగు మాట్లు కొట్టాను బాబూ, కలవనేదు. మా బావ బ్యాండోళ్ళకి మాటిచ్చీసినాడు."

దిగి వచ్చి చెప్పాను. పెదనాన్న సన్నాయిని గుడ్డతో తుడుస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

"సన్నాయి కొనేముందు నానేటి సేస్తానురా?"

"గుళ్ళోకి తెచ్చి ఊది సూస్తావు."

"మరి నువ్వెక్కడ ఊదినావు?"

"దుకాణంలో."

ఆయన మళ్ళీ సన్నాయి తుడుచుకోవడంలో పడ్డాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఫోను కొనాలన్నా, అదే రకం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి, మా సిమ్ము వేసి, పెదనాన్న కూర్చునే అరుగు మీద నుంచి ఆయన నంబరే నొక్కుతాను. ఆయన పోయాక ఆ నంబరు పాలకొండలో ఎవరికో వెళ్ళింది. పాపం ఆ పాలకొండ ఆయనకూ నేను అలవాటైపోయాను.

"మళ్ళీ ఊదుతున్నారా బాబూ? బాగానే వినపడతన్నాది" అంటాడు.