సాక్ష్యం చెప్పిన నోరు

జొన్నరొట్టె తునక మీద నెత్తురు మరక చూసి అడిగితే "నాలిక కొరుక్కున్న" అంది మా అమ్మ. నమ్మలేదు. గడ్డం పట్టుకుని నోరు తెరిపించాను. పై వరుసలో ముందు పళ్ళు మూడు, వేలు తగిలితే చాలు, కదులుతున్నాయి. చిగుళ్ళు వాచి పళ్ళను వదిలేసి పైకి జరిగాయి. ఆ వాసనకు కన్నకూతురిని నేనే మొహం తిప్పుకున్నాను. ఆమె చప్పున కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎప్పటి సంది అమ్మా?"

"శ్రమల కాలం అయినంక."

అంటే ఈస్టరు ముందరి ఉపవాసాలు ముగిసినప్పటి నుంచి, నాలుగు నెలలు. ఆమె నెల్లికుదురు దగ్గరి మా ఊళ్ళో తమ్ముడి ఇంట్లో ఉంటుంది, నేను జనగామలో. ఆమెను చూసిపోదామని ఆ రోజే వచ్చాను. ఆ నాలుగు నెలలూ రోజూ పొద్దున ప్రార్థన కాగానే ఫోన్లో మాట్లాడుకున్నాం. రోజూ "దేవుని దయవల్ల మంచిగున్న బిడ్డా" అంది. తమ్ముడు, మరదలు పత్తి చేను పనుల్లో పడి ఆమె పళ్ళెం వంక చూడలేదు. వాళ్ళ మీద కోపం వచ్చింది. కానీ అసలు కోపం ఎవరి మీదో అప్పటికి నాకింకా తెలియదు.

మరుసటి రోజే బస్సెక్కించి మానుకోట తీసుకుపోయాను. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్నా మా నోటికి అది మానుకోటే. పళ్ళ డాక్టరు నాకంటే చిన్నది. అమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, మొదట అడిగిన మాట పళ్ళ గురించి కాదు.

"షుగర్ ఉన్నదా అవ్వా?"

"ఉండె. ఇప్పుడు లేదు."

"అదేమన్న సుట్టమా, వచ్చి పోనీకి?" అని నవ్వుతూనే వేలికి సూది గుచ్చింది. యంత్రం మూడు వందలు దాటి చూపించింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నీ పండ్లు పుచ్చలే అవ్వా. ఒక్కటి గూడ పుచ్చలే. నెత్తుట్ల చక్కెర ఎక్కువైతే చిగురు పుండయితది, లోపల దవడ బొక్క కరుగుతది. పండు నిలవడేది ఆ బొక్క మీదనే గద. చిగురు పుండైతే మళ్ళ షుగర్ దిగది. ఒకదాన్నొకటి సాదుకుంటయి. ఈ మూడైతే దక్కయి. షుగర్ దిగకుంటే మిగిలినయి గూడ గదే తొవ్వ వడతయి. ముందు గోలీలు మింగు, షుగర్ దిగనియ్యి. అప్పుడు పీకుత."

అమ్మ తలూపింది. బస్టాండుకు వచ్చాక బెంచీ మీద కూర్చుని తేల్చి చెప్పింది. "పండ్లు పోతే పోనియ్యి. గోలీలు మాత్రం మింగ."

ఎందుకో నాకు తెలుసు. ఆమె బాప్తిస్మం తీసుకున్న ఏడాది పొగాకు మానేసింది. మా దిక్కు ఆడవాళ్ళు పొగాకు కాల్చి పొడిచేసి పళ్ళకు రుద్దుకుంటారు. అది ఒక్కరోజులో వదిలేసిందని సంఘమంతా ఆమెను మెచ్చుకుంది. పొగాకు మీదికి మనసు లాగినప్పుడల్లా బుగ్గన బెల్లం ముక్క పెట్టుకునేది. దాన్ని తప్పని ఎవరూ అనలేదు. ఇక వారానికి నాలుగు ఇళ్ళలో ప్రార్థన కూడిక, ఇంటికో గ్లాసు తియ్యటి చాయ్, నాలుగు బిస్కెట్లు. వద్దంటే ఆ ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు. పాపానికి దూరమైన నోరు రోగానికీ దూరమే అని మేమందరం అనుకున్నాం. షుగర్ వచ్చింది.

ఈ ఏడు శ్రమల కాలంలో నలభై రోజులూ మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉంది. బెల్లం లేదు, చాయ్ లేదు. పరీక్ష చేయిస్తే షుగర్ తక్కువ చూపించింది. తక్కువ చూపించదా మరి! ఆమె మాత్రం ఈస్టరు ఆరాధనలో లేచి నిలబడి, ప్రభువు తన షుగర్ తీసేశాడనీ, గోలీలు పెంటకుప్ప మీద పారేశాననీ సాక్ష్యం చెప్పింది. జనమంతా స్తోత్రం అన్నారు. పండక్కి ఊరికి వచ్చిన నేను, జనగామలో సండే స్కూలు పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

"సంఘం ముంగట సాక్ష్యం జెప్పినంక గోలీలు మింగితే దేవునికి అబద్ధం జెప్పినట్టు గాదా? ఎట్ల లేపాలె మొకం?" అని బస్టాండులో ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది. సువార్త రాసినవాళ్ళలో ఒకాయన వైద్యుడు. యేసు చెప్పిన కథలో, దెబ్బలు తిని దారి పక్కన పడి ఉన్నవాడికి ఒక పరాయి మనిషి ముందు నూనె పోసి కట్టు కట్టాడు, తర్వాతే పూటకూళ్ళ ఇంటికి తీసుకుపోయాడు. ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నేను చెబితే మాత్రం, "అయ్యగారు చెప్పనియ్యి, అప్పుడు మింగుత" అంది.

ఆ సాయంత్రమే పాస్టరయ్యగారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య, మా పాస్టరమ్మగారు, నాకు చాయ్ ఇచ్చి, ఆయనకు వేరే గ్లాసు అందిస్తూ అలవాటుగా అంది: "చక్కెర ఏయలే, మీ గోలీ ఇంకా మింగనేలే."

ఆయన గ్లాసు వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను.

"ఎన్నేండ్ల నుంచి అయ్యగారూ?"

"ఆరేండ్లమ్మా."

"మా అమ్మ గోలీలు పారేసిన అన్ననాడు మీరు మైకు పక్కనే నిలవడ్డరు."

"ఆమె విశ్వాసం ఆమెది. మధ్యల నేనేమంటనమ్మా? మందిల అంటే మంది విశ్వాసం సడలుతది."

"టేకుమట్ల ఊళ్ళె కూడికల గూడ ఆమె సాక్ష్యం మీరే జెప్పిండ్రట గద."

నేను చాయ్ తాగకుండానే లేచి వచ్చి, ఆయన గోలీల సంగతి అమ్మకు చెప్పాను; నమ్మలేదు. ఒక కాపరి తన చిగుళ్ళను గోలీలతో కాపాడుకుంటూ గొర్రె పళ్ళు రాలుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. క్షమించాలని నాకు తెలుసు. ఈరోజు వరకు నా చేత కాలేదు.

ఆదివారం ఆయన ప్రసంగం మధ్యలో, కళ్ళు కిందికి దించి, వైద్యులు కూడా దేవుని చేతి పనిముట్లేనని ఒక్క వాక్యం అనేసి ముందుకు సాగిపోయాడు. అంతే. నేను లేవబోతున్నాను. నాకంటే ముందు చాప మీది నుంచి అమ్మ లేచింది.

"అయ్యగారూ, మీరు మింగుతరా గోలీలు?"

జనమంతా తలలు తిప్పి ఆమె వంక చూశారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చివరికి "మింగుతనమ్మా. రోజూ" అన్నాడు.

"మరి నాకెందుకు జెప్పలే?"

ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

నాకు అక్కడితో కోపం తీరేదేమో. కానీ ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ వైపు నుంచి పక్కింటి పెద్దమ్మ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏందే, మళ్ళ మింగాల్నా? నువ్వు జెప్పినవనే నేను గూడ ఆపితి గదనే."

"నువ్వు గూడనా?"

"నేనొక్కదాన్నా? గా మూలింటామె ఆపింది. ఎదురింటి అత్తాకోడండ్లు ఇద్దరు గూడ ఆపిన్రు. నీదైతే తగ్గింది, మాదెందుకు తగ్గదంటిమి."

అమ్మ మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు, మానుకోటలో సూది గుచ్చినప్పుడు కూడా. తన పళ్ళు పోతాయన్నా చలించని మనిషి, పెద్దమ్మ చేతిని గట్టిగా పట్టేసుకుంది. నేను కొట్టిన చప్పట్లు నా చెవుల్లో మోగాయి.

అప్పుడు ఆమె వెళ్ళిపోతున్న జనాన్ని ఆగమంది. గడపలో నిలబడి, ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, "నేను తప్పు జెప్పిన. నా షుగర్ పోలేదు. రేపు తొలి బస్సుకు గోలీలు ఆపిన నలుగురు రావాలె, నాతోని మానుకోట దవాఖానకు. రాకుంటే ఇంటికొచ్చి గుంజుకపోత" అంది. కదిలే పళ్ళ సందులోంచి సగం మాటలు ఈలలై బయటికొచ్చాయి. ఎవరూ నవ్వలేదు.