గుట్టల నడుమ ఒక బండి ఎక్కువ

దయ్యాల ప్రసక్తి వస్తే, కొలతకు అందనిదాన్ని నమ్మనని చెప్పి లేచిపోయే అలవాటు నాది. ఇప్పటికీ నమ్మను. అయితే ఒక కొలత ఉంది. దాన్ని తీసుకున్నదీ నేనే, దిద్దిందీ నేనే.

ఎనభైల చివర సిద్దిపేటలో రోడ్ల పనులు చూసే జూనియర్ ఇంజనీరుగా ఉన్నాను. కొమురవెల్లి వైపు గుట్టల మధ్య మెలికలు తిరిగే రెండు కిలోమీటర్ల రోడ్డును వెడల్పు చేయాలని ప్రతిపాదన. ఏ రకం వాహనాలు ఎన్ని వెళుతున్నాయో ఐదు రోజులు పగటిపూట లెక్క తీయాలి. ఒక్కరి లెక్కను నమ్మడం ఇష్టం లేక, మెలికలకు రెండు చివరలా ఒక్కొక్కరిని కూర్చోబెట్టాను. మధ్యలో ఊరు లేదు, చీలిక దారి లేదు. ఒక చివర లోపలికి వెళ్లినవన్నీ రెండో చివర బయటికి రావాలి.

సిద్దిపేట వైపు ఖాసిం, అవతలి చివర యాదగిరి. ఇద్దరూ రోడ్డు కూలీలే. యాదగిరికి యాభై దాటాయి. ఇరవై ఏళ్ల దినకూలీ తర్వాత అతణ్ని పర్మనెంటు చేసే కాగితం ఆ నెలలోనే మా పై అధికారి బల్ల మీదికి వచ్చింది. తప్పుడు లెక్క రాసినవాణ్ని పనిలోంచే తీసేస్తానని ఆ అధికారి ముందే హెచ్చరించాడు.

మొదటి సాయంత్రమే తేడా వచ్చింది. బస్సులు, లారీలు, సైకిళ్లు అన్నీ సరిపోయాయి. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఎడ్లబండ్లు మాత్రం యాదగిరి కాగితంలో ఒకటి ఎక్కువ. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే.

నమాజుకు లేచినప్పుడు బండి జారిపోతున్నదేమోనని ఖాసింను అడిగాను.

“రోజుకొక్కటే, గదీ ఎడ్లబండే జారుతదా సార్? లారీలన్నీ నా నమాజ్ అయ్యేదాంక ఆగుతున్నయా?” అన్నాడు.

నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా అతని పక్కనే కూర్చున్నాను. మా ఇద్దరి లెక్కా ఒకటే. యాదగిరి కాగితంలో మళ్లీ ఒకటి ఎక్కువ. ఇక సందేహం లేదనుకొని, అబద్ధం రాస్తున్నావని యాదగిరి ముఖం మీదే అన్నాను.

“లేని బండిని రాస్తే నాకేమొస్తది సారూ? అంగట్ల అమ్ముకుంటనా?” అన్నాడు. “రేపు మూడున్నరకు మీరే గీడికి రాండ్రి. చొప్పబండి. రోజు గప్పుడే పోతది.”

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఎవరైనా యాదగిరి వైపు నుంచే లోపలికి పోయి, మధ్యలో తిప్పుకొని వస్తున్నారా? అలాగైతే ఎదురు దిశ లెక్కలోనూ తేడా రావాలి. రాలేదు. లెక్క మొదలుకాక ముందే వచ్చి మధ్యలో ఆగి ఉంటున్నదా? ఐదో రోజు పొద్దున ఆరింటికే రోడ్డంతా నడిచాను. ఒక పక్క నిలువు బండ, మరో పక్క బండి దిగలేని లోతు. ఎక్కడా ఎడ్లు ఆగిన జాడ లేదు.

మధ్యాహ్నం మూడింటికి, అప్పటిదాకా లోపలికి వెళ్లిన ఎడ్లబండ్ల సంఖ్య ఖాసిం దగ్గర నా పుస్తకంలో రాసుకొని మళ్లీ నడక మొదలుపెట్టాను. ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి చూశాను. రోడ్డు ఖాళీ. అరగంటలో యాదగిరి దగ్గరకు చేరాను. అతని అంకె నా అంకెకు సరిపోయింది. నేను నీళ్లు తాగుతుండగా, అంతకు ముందే నేను నడిచి వచ్చిన మలుపులోంచి చొప్పబండి వచ్చింది.

రెండు తెల్ల ఎడ్లు, ఇనుప పట్టాల చక్రాలు, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి. దగ్గరికి వెళ్లి ఒక దంటు లాగి చూశాను. ఎండిన జొన్న చొప్పే. “ఎక్కడి నుంచి?” అని అడిగాను. అతను తల తిప్పకుండానే ముల్లుగర్రతో వెనక్కి చూపించి సాగిపోయాడు. ఆపి అడగవలసిన ప్రశ్నలన్నీ బండి కనుమరుగయ్యాకే తోచాయి. ఆ బండి లెక్కకు నా పుస్తకంలో ఒక గీత గీశాను.

సాయంత్రం ఖాసిం కాగితం చూశాను. మూడింటి తర్వాత ఎడ్లబండి ఒక్కటీ లోపలికి పోలేదు.

మర్నాడు పొద్దున్నే కాగితాలు అందజేయాలి. ఐదు బండ్లూ అలాగే ఉంచితే యాదగిరి పని పోతుంది. నేనూ చూశానని రాసి సంతకం పెడితే పోకపోవచ్చు. ఆ ధైర్యం నాకు లేకపోయింది. పెన్సిలు గీతలే కనుక రబ్బరు చాలింది. యాదగిరి కాగితాల్లో రోజుకొకటి చొప్పున ఐదు గీతలు చెరిపేశాను.

యాదగిరి ఎదురుగా నిలబడి చూశాడు.

“బండి పోయిన మాట నిజమే గద సారూ?”

అవునన్నాను.

“మరి నన్ను అబద్ధాలోడన్నరు. గీ అయిదు దినాలల్ల అబద్ధం రాసింది మీరొక్కరే.”

కోపంగా అనలేదు. చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకు పర్మనెంటు అయ్యాడు.

తర్వాత వారం రోజులు సెలవు పెట్టి అదే మలుపు దగ్గర కూర్చున్నాను. చొప్పబండి రాలేదు. అది ఆ మెలికల్లోకి ఎలా చేరిందో నేను వేసిన లెక్కలేవీ చెప్పలేకపోయాయి. పుస్తకం నా దగ్గరే ఉంది. నా చేత్తో గీసిన ఆ ఒక్క గీత అందులో అలాగే ఉంది. చెరపడానికి మళ్లీ చెయ్యి రాలేదు.