ప్రభువు బల్ల గుడ్డకు నీలిమందు

మాకు శనివారం బట్టలు ఉతికే రోజు. ఆదివారం ఆరాధనకు మా సంఘంలో ఆడవాళ్ళందరం తెల్ల చీరలే కడతాం. వాటితోపాటు నేను ఇంకో గుడ్డ కూడా ఉతికేదాన్ని. ప్రభువు బల్ల మీద, రొట్టె ద్రాక్షారసాల కింద పరిచే తెల్లగుడ్డ. అది మా అత్త చేసిన పరిచర్య. ఆమె పోయినాక నాకు వచ్చింది. పాట పాడే గొంతు నాకు లేదు. సాక్ష్యం చెప్పమంటే నాలుక తడబడుతుంది. నాదని చెప్పుకోవడానికి ఆ ఒక్క పనే.

గోదావరిఖనిలో తెల్లబట్ట ఉతకడం ఒక ఎత్తు, ఆరేయడం ఒక ఎత్తు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగుకు సైరన్ మోగుతుంది. చేతిలో గరిటె ఉన్నా పడేసి దండెం దగ్గరికి ఉరకాలి, లేకపోతే దుమ్మంతా బట్టల మీదే దిగుతుంది. హిమమంత తెలుపు అని వాక్యంలో వింటాం. మేం చూసిన తెలుపు మాత్రం నీలిమందు నీళ్ళలో ముంచి తీసినంతే.

కొన్నాళ్ళుగా ఆ తెలుపు కూడా నాకు దొరకలేదు. ఎంత ఉతికినా గుడ్డ టీ ఒలికి ఆరినట్టు కనబడేది. సబ్బు మార్చాను. నల్లా నీళ్ళను తిట్టాను. ప్రార్థన చేసి ఇంకో మూత నీలిమందు పోసేదాన్ని. ఆ వారం కాస్త తెల్లబడ్డట్టుండేది, తర్వాత మళ్ళీ టీ రంగే. నడుము పట్టేసేది, వేళ్ళు పగిలేవి. ప్రభువు పని అనుకునే చేశాను గాని, చాలా అలసిపోయాను.

ఒకరోజు మా ఆయన, గనిలో చేసి రిటైరైన మనిషి, టీ కొట్టు నుంచి చిన్నబోయి వచ్చాడు.

"నా అంగీకి ఏం చేస్తున్నవే? 'ఏం కాకా, మళ్ల డ్యూటీ ఎక్కినవా, కొత్త యూనిఫాం గిట్ల ఇచ్చిన్రా' అని నవ్వుతున్నరు."

"తెల్లగనే ఉన్నది గదా."

"తెల్లగనా? సిరాబుడ్డిల ముంచినట్టున్నది."

"బొగ్గుల పనిజేసిన కండ్లు నీయి. తెలుపు సంగతి నీకేం తెలుస్తది?" అన్నాను.

ఆ ఆదివారమే సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచాడు. "శానా ఏండ్లు చేసిన్రమ్మా. ఇగ జెర రెస్టు తీసుకోండ్రి. గుడ్డ చిన్నోళ్ళు ఉతుకుతరు." మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు. ఆ పని పోతే సంఘంలో నేను చాప మీద కూర్చుని లేచి వచ్చే మనిషిని, అంతే. ఇంకొన్నాళ్ళు నన్నే ఉతకనివ్వమని అడిగి తెచ్చుకున్నాను.

బియ్యంలో రాళ్ళు కూడా కనబడడం లేదని పక్కింటి చెల్లె నన్ను దవాఖానకు తీసుకుపోయింది. ఆమె మా సంఘంలోనే ఉంటుంది, బడిలో టీచరు. రెండు కళ్ళలోనూ పొర ఉందన్నారు. అది ముదిరేకొద్దీ పసుపెక్కుతుందట. లోకమంతా ఆ రంగులోంచే కనబడుతుందట. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు.

పట్టీ తీసి ఇంటికొచ్చాక బల్ల గుడ్డ తీసి చూశాను. నీలం. ఎడమ కంటితో చూస్తే తెలుపు. చాలాసేపు ఒక కన్ను మూసి ఇంకో కన్ను తెరిచి చూస్తూ కూర్చున్నాను. రెండూ నా కళ్ళే. బేత్సయిదాలో గుడ్డివాని మీద ప్రభువు రెండుసార్లు చేతులుంచాడు. మొదటిసారి వాడికి మనుషులు నడిచే చెట్లలా కనబడ్డారు. ఆయనకు ఒక్కసారి చాలదా అని సండే స్కూలు నాటి నుంచీ నాకు అనుమానం. ఇప్పుడు అడగను.

"మీకందరికి తెలుసా?" అని చెల్లెను అడిగాను.

"తెలుసక్కా."

"మరి చెప్పద్దా?"

"పగిలిన నీ చేతులు చూసినంక ఎట్ల చెప్పాలె? పాస్టరయ్యగారేమో 'ప్రభువు బల్ల మీద ఆకాశం పరిచినట్టే ఉన్నది, ఉండనియ్యుండ్రి' అన్నడు."



కంట్లో చుక్కలు వేసుకునే రోజులు అయిపోయాక ఆ గుడ్డను సోడా వేసి ఉడకబెట్టాను. నీలిమందు ముట్టలేదు. ఆరాక చెల్లె ఇంటికి పట్టుకుపోయాను.

"చూడు."

గడప దాకా వెళ్ళి వెలుతురులో పట్టి చూసింది. "తెల్లగనే ఉన్నదక్కా."

"నా మొఖం చూసి చెప్పకు, గుడ్డను చూసి చెప్పు."

"ఇంక కొంచెం నీలం పోలేదు. గీ మూలకు బూడిద తిరిగింది."

"ఆఁ. నాకూ గట్లనే కనబడ్డది."

ఎడమ కంటికి ఇంకా తేదీ ఇవ్వలేదు. గుడ్డను ఆమె చేతుల్లోనే వదిలేశాను. "వచ్చే శనివారం సంది నువ్వే ఉతుకు."

"అక్కా, నారాజ్ అయినవా?"

"లేదు బిడ్డా, అలసిపోయిన. ఆరేసుడు మాత్రం నా దండెం మీదనే. సైరన్ మోగినప్పుడు నువ్వు బడిల ఉంటవు. నా చెవులు ఇంక బాగనే ఉన్నయి."