మూడో మంచం కింద చిలక

పగలు పదకొండు గంటల పది నిమిషాలకు మా మిలిటరీ ట్రక్కు ఆదిలాబాద్ జిల్లాలో బోథ్ రోడ్డు మీది గోదాం ముందు ఆగింది. కరోనా రెండో వేవ్, మే నెల. ఎండ నలభై నాలుగు డిగ్రీలు. మేం అయిదుగురం: సుబేదార్ సాబ్, డ్రైవర్, ఇద్దరు నర్సింగ్ అసిస్టెంట్లు, నేను. నేను హవల్దార్‌ని, దవాఖాన మిషన్లు రిపేరు చేసేవాణ్ణి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో అదే నా చివరి డ్యూటీ.

ఆ గోదాం మూతపడిన పత్తి మిల్లుది. తాత్కాలిక దవాఖానగా మార్చారు. రేకుల కప్పు. దూలాలకు ఇంకా దూది వేలాడుతోంది. వెనక గదిలో నాలుగు మంచాలు, నాలుగు వెంటిలేటర్లు, గొంతులో ట్యూబులతో నలుగురు మనుషులు.

ఇన్‌ఛార్జి డాక్టరు మమ్మల్ని ఇరవై నిమిషాలు వరండాలో నిలబెట్టాడు. లోపల ఆఫీసర్లకు పింగాణీ కప్పుల్లో చాయ్. మాకు కాగితం కప్పుల్లో, అదీ చల్లారాక. డ్రైవర్ తాగేశాడు. నేను పారబోశాను.

కరెంటు రోజుకు ఒకటి రెండు సార్లు పోయేది. జనరేటర్ ఎండకు కాగి ఆగిపోయేది. వెంటిలేటర్లలోని బ్యాటరీలు పాతవి. గడియారం పెట్టి చూశాను, పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత అంబు బ్యాగే గతి. అదొక రబ్బరు బుడ్డ. చేత్తో పిసికితే గాలి ట్యూబు గుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కో మంచానికి ఒక్కో మనిషి కావాలి. అరగంటకే వేళ్లు బిగుసుకుపోతాయి. అలసిన చెయ్యి లెక్క తప్పుతుంది.

నాలుగో రోజు నర్సును అడిగాను. "సిస్టర్, లెక్క ఏంది?"

"నిమిషానికి పదిహేను సార్లు అన్నా. ఊపిరి లోపలికి ఒకటైతే, బయటికి రెండింతలు టైమియ్యాలె. జల్ది కొడితే గాలి లోపల్నే జమైతది."

బుడ్డను పిసికే మిషన్ చెయ్యాలని ట్రక్కు వైపర్ మోటార్ విప్పాను. డ్రైవర్‌ది ఆసిఫాబాద్ దిక్కు. నెత్తి పట్టుకున్నాడు.

"వానొస్తే ఏం జేద్దం హవల్దార్?"

"ఈ ఎండల వానొస్తే నువ్వే బయటికెళ్లి తుడువు."

వైపర్ మోటార్ నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరుగుతుంది. దాన్ని మూడోవంతుకు తగ్గించాలి. పళ్ల చక్రాలు కావాలి. మిల్లు పాత తలుపు టేకుది. దాని పలకలు తీసుకుని నిర్మల్‌లో బొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. నేలమీద సుద్దతో గీసి చూపించాను. అడకత్తెరలా రెండు పలకలు, మధ్యలో బుడ్డ. కింది పలక కదలదు. పై పలకను గుడ్డు ఆకారపు చక్రం లేపుతుంది, దించుతుంది. ఆ చక్రం వంపు సరిగ్గా ఉంటే ఒకటికి రెండు లెక్క దానంతటదే వస్తుంది. పెద్దాయన మూడు సార్లు చెక్కి మూడు సార్లు పారేశాడు. నాలుగోది నా అరచేతిలో పెట్టాడు.

మర్నాడు తీసుకోవడానికి పోతే అంతా పసుపు రంగు వేసి ఉంది. పలకల మీద రెండు పచ్చ చిలకలు, ఎర్ర ముక్కులు.

"రంగెందుకు కాకా? ఇది దవాఖానకు."

"రంగు లేని కట్టె మా ఇంట్లకెళ్లి బయటికి పోదు సిపాయి. గది పొయ్యిల కట్టె అయితది."

ఆ చిలకలను గరుకు కాగితంతో గీకేద్దామనే అనుకున్నాను. కాగితం కూడా తెచ్చాను. కానీ ఇన్‌ఛార్జి వచ్చి అందరి ముందు నవ్వాడు. "ఏం హవల్దార్, బొమ్మల కొలువు పెడుతున్నవా?" నర్సు తల దించుకుంది. నేను కాగితాన్ని చింపి పారేశాను. చిలకలు ఉంటాయి, ఏం చేసుకుంటాడో చేసుకోనీ అనుకున్నాను. ఆ మాట ఆయన అనకపోతే గీకేసేవాణ్ణే. ఇప్పటికీ అదే అంటాను.

ట్రక్కు బ్యాటరీ తగిలిస్తే మిషన్ పని చేసింది. నాలుగు రోజుల్లో ఆరు సార్లు కరెంటు పోయింది. ఆరు సార్లూ చిలకలు ఊపిరి కొట్టాయి. ఇన్‌ఛార్జి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు.

పదహారో రోజు. ఒంటిగంట నలభైకి కరెంటు పోయింది. జనరేటర్ లేవలేదు. మిగతా మూడు మంచాల దగ్గర నర్సు, ఇద్దరు నర్సింగ్ అసిస్టెంట్లు బుడ్డలు పట్టారు. మూడో మంచానికి నా మిషన్ పెట్టాను. ఆ మంచం మీద బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఛాతీ సరిగ్గా లేస్తోంది, దిగుతోంది.

బయట టార్పాలిన్ల కింద బంధువులు ఉన్నారు. పొద్దున ముందు హాల్లోని రోగుల్లో ఒకామె చనిపోయింది. అప్పటినుంచే లొల్లి. ఆ పెద్దమనిషి కొడుకు దుబాయ్ నుంచి వచ్చి రెండు రోజులైంది. తండ్రిని చూడనియ్యలేదు. అప్పుడే కిటికీ ఎక్కి చూశాడు. పెద్ద మిషన్ ఆగి ఉంది. తండ్రి నోటికి రంగుల బొమ్మ తగిలించి ఉంది.

"మా బాపుకు బొమ్మ పెట్టిండ్రురా! మిషన్ బందు పెట్టి బొమ్మతోని ఆడుకుంటుండ్రు!"

వాకీటాకీలో డ్రైవర్ గొంతు. "గేట్ నుంచి వార్డ్. ఇటుకలు పడుతున్నయ్. ఓవర్."

రెండు గంటల అయిదు నిమిషాలకు: "గేట్ పోయింది. నా నెత్తి పలిగింది. తలుపు పెట్టుకోండ్రి." ఓవర్ అనలేదు.

సుబేదార్ సాబ్‌ది కర్నూలు. ఒక్కటే మాట చెప్పాడు. "ఎవురూ బుడ్డ వదలొద్దప్పా." చెప్పి ఆక్సిజన్ సిలిండర్ల గదికి అడ్డంగా పోయాడు. ఇన్‌ఛార్జి వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు. అది నేను కళ్లారా చూశాను.

తలుపు మూడు దెబ్బలకు ఊడింది. కిటికీ అద్దాలు మంచాల మీద పడ్డాయి. ఇరవై మంది దాకా లోపలికి వచ్చారు. ఒకడు నర్సు జుట్టు పట్టి లాగాడు. ఆమె మెడ వెనక్కి వాలింది, చెయ్యి మాత్రం పిసుకుతూనే ఉంది. కొడుకు చేతిలో ఇనుప రాడ్ ఉంది. నేరుగా నా మిషన్‌ను కాలితో తన్నాడు. కింది పలక రెండుగా చీలింది. మిషన్ కిందపడింది. బుడ్డ జారి మంచం మీద పడింది.

పెద్దమనిషి ఛాతీ ఆగింది.

నేను బుడ్డ అందుకున్నాను. మొదటి దెబ్బ ఎడమ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. చెయ్యి కొత్త చోట వంగింది. కుడిచేత్తో పిసికాను. ఒకటి. రెండు, మూడు. ఎవడో వెనకనుంచి కుర్చీతో వీపు మీద కొట్టాడు. ఒకటి. రెండు, మూడు. చెవిలో నుంచి రక్తం మెడ మీదికి కారింది. తిరిగి కొట్టడం నాకు చేతకాక కాదు. కొట్టాలంటే బుడ్డ వదలాలి.

రాడ్ మళ్లీ దిగింది. ఈసారి కుడిచేతి వేళ్ల మీద. మూడు వేళ్లు ఇక ముడుచుకోలేదు. మోకాళ్ల మీద పడ్డాను.

"కొట్టింది సాలు! నా చేతులు రెండూ పోయినయ్," అని అరిచాను. "మీ బాపు ఊపిరి ఇగ నీ చేతులల్లనే ఉంది. పట్టు!"

అతను తండ్రి ముఖం చూశాడు. పెదవులు నీలంగా మారుతున్నాయి. రాడ్ నేలమీద మోగింది. రెండు చేతులతో బుడ్డ పట్టుకుని గబగబా పిసకసాగాడు.

"గంత జల్ది వద్దన్నా! సంపుతవ్!" నర్సు అరిచింది.

నేను నేలమీద పడి లెక్క చెప్పాను. ఒకటి. రెండు, మూడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. అతను వెక్కుతూనే లెక్క ప్రకారం పిసుకుతున్నాడు. నాలుగు గంటల పది నిమిషాలకు కరెంటు వచ్చిందట. అప్పటికి నాకు తెలివి లేదు.

పెద్దమనిషి బతికాడు. పన్నెండు రోజుల తర్వాత నడుచుకుంటూ ఇంటికి పోయాడని నర్సు ఫోన్ చేసి చెప్పింది. కొడుకు ఇంతవరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు కరీంనగర్‌లో చేతికి ప్లేటు వేశారు. విచారణ రిపోర్టులో ఒకే వాక్యం: అనుమతి లేని కట్టె పరికరం వల్ల ప్రజలు రెచ్చిపోయారు. ఆ వాక్యం మార్చమని నాలుగు అర్జీలు పెట్టాను. జవాబు లేదు. ఆ శీతాకాలం కరీంనగర్‌లోనే ఒక సభ జరిగింది. ఇన్‌ఛార్జికి శాలువా కప్పారు. స్టేజీ మీద పెద్ద ఫోటో. చిలకల మిషన్‌ను పట్టుకున్న చెయ్యి నాది. కింద పేరు ఆయనది. అయిదో అర్జీ ఆ రాత్రే రాశాను.

పెన్షన్ కాగితాలతో మా ఊరు జమ్మికుంటకు వచ్చాను. అవ్వ నా ముంజేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది బార్డర్ల తగిలిందా బిడ్డా?" అంది. మార్కెట్ యార్డులో పత్తి అమ్ముకునేవాళ్లూ అదే అడుగుతారు. బార్డర్‌లో నాకు గీత కూడా పడలేదు. ఆదిలాబాద్‌లో పడింది.

ఆ రోజు తెలివి తప్పే ముందు నా గొంతు ఎండిపోయింది. ఒకటి దగ్గరే ఆగిపోయాను. లెక్క చెప్పేవాడు లేడు, ఇక ముసలాయన పోయినట్టే అనుకున్నాను. కానీ కొడుకు చేతులు లెక్క తప్పలేదు. అతను తల వంచి నేల వైపు చూస్తున్నాడు. నేనూ అటు చూశాను. మంచం కింద, అద్దం పెంకుల మధ్య, మిషన్ పక్కకు ఒరిగి ఉంది. బ్యాటరీ తీగ ఊడలేదు. పై పలక మీది పచ్చ చిలక, తోక విరిగింది, లేస్తోంది, దిగుతోంది. అది దిగినప్పుడల్లా అతను పిసుకుతున్నాడు.