నీళ్లు ఆపి ఇచ్చిన రక్తపరీక్ష

మా ఎడపల్లిలో చెరుకు కొట్టే ముందు కొన్నాళ్లు తోటకు నీళ్లు ఆపేస్తారు. గడలో నీరు తగ్గితే తీపి పెరుగుతుంది. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. కాకపోతే మా అత్తమ్మ దాన్ని నా మీద కూడా ప్రయోగిస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పెళ్లయి ఏడేళ్లయినా మాకు పిల్లలు లేరు. బోధన్‌లో చేయించిన ఏఎంహెచ్ అనే హార్మోను పరీక్షలో నాకు నంబరు బాగా తక్కువ వచ్చింది. ఒంట్లో అండాలు ఎన్ని మిగిలాయో దాన్ని బట్టి అంచనా వేస్తారట. రిపోర్టు చూసినవాళ్లంతా పెదవి విరిచారు. సొంత అండాలతో ఐవీఎఫ్ దండగ అని ఒక బంధువు తేల్చేసింది కూడా. నాకు ఒళ్లు మండింది. ఒక్కసారైనా నా అండాలతోనే ప్రయత్నించాలని నా పంతం. మా ఆయనేమో నిజామాబాద్‌లో మళ్లీ పరీక్ష చేయిద్దామని, నంబరు పెరిగితే మొదలుపెడదామని, లేకపోతే ఇక ఆ మాట ఎత్తొద్దని అన్నాడు. నా ఆశంతా ఆ నంబరు మీదే పెట్టుకున్నాను.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం నుంచి అత్తమ్మ మంచినీళ్ల బిందె దగ్గర కాపలా కూర్చుంది.

"నీళ్లు తాగకు బిడ్డా. చెరుకుకు బంద్ వెడ్తమా లేదా? గిది గూడ గంతే. నంబరు ఎక్కుతది సూడు," అంది.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కానీ ఆశ పుడితే బుద్ధి పనిచేయదు కదా. డిగ్రీ చదివిన నేను కూడా, ఏమో, ఎక్కుతుందేమో అని గొంతు ఎండబెట్టుకున్నాను. పొద్దున బస్సులో పక్కావిడ నీళ్ల సీసా మూత తీస్తే దొంగచూపులు చూశాను.

ల్యాబులో సిస్టర్ నా రెండు చేతులూ తట్టి తట్టి చూసింది. నరం దొరకలేదు.

"ఏందక్కా, నీళ్లు తాగలేదా? గీ పరీక్షకు పరగడుపు గూడ అక్కర్లేదు," అంది.

అత్తమ్మ గర్వంగా అసలు సంగతి చెప్పింది. సిస్టర్ పడీ పడీ నవ్వి, సూది పక్కన పెట్టి, నాకు నీళ్ల సీసా ఇచ్చింది. గటగటా తాగేశాను. చేతికొచ్చిన పంట నీట మునిగినట్టు మొహం పెట్టింది అత్తమ్మ.

నంబరు పెరగలేదు సరికదా, ఇంకొంచెం తగ్గింది.

"నీళ్లు తాగినవ్ గదా, గందుకే," అంది అత్తమ్మ.

ఆసుపత్రిలో రిపోర్టు చూడగానే మా ఆయన లేవబోయాడు. డాక్టరమ్మ కూర్చోమంది.

"ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు రావచ్చో ఈ నంబరు అంచనా చెప్తుంది. మీకు తక్కువే వస్తాయి. గర్భం నిలుస్తుందా లేదా అన్నది మాత్రం ఇది చెప్పదు. మీ ఆవిడది ఇంకా చిన్న వయసే, అది మంచిది. నేను గ్యారంటీ ఇవ్వను, వద్దని కూడా అనను."

మా ఆయన నసుగుతుంటే అత్తమ్మ అందుకుంది.

"ఒక్కటి మొలుస్తే సాలదా మేడం? మాకేమన్న ఎకరమంత కావాల్నా?" అని కొడుకు వైపు తిరిగింది. "కూసోరా. షురూ జేపిద్దం."

ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

నంబరు చెప్పినట్టే అండాలు రెండే వచ్చాయి. వాటిలో ఒకటే పిండమైంది. దాన్ని గర్భంలో పెట్టాక, నిలిచిందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ రక్తం ఇచ్చి ఇంటికొచ్చాం. సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో సిస్టర్ ఏదో నంబరు చదవబోతుంటే అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"నంబరు నాకెందుకు బిడ్డా, నిలిసిందా లేదా సెప్పు."

"నిలిసింది అవ్వా."

ఏడేళ్లలో ఆమె పిల్లల గురించి నన్ను ఒక్క మాట అడగలేదు. ఆమెకు ఆ ధ్యాస లేదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు ఫోన్ పట్టుకునే గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నా కడుపు మీద చేయి పెట్టబోయి, భయపడి వెనక్కి తీసుకుంది. నేనే ఆ చేయి పట్టుకుని పెట్టుకున్నాను.