తెంపిన పతంగి

పూర్వం కొరియా దేశంలో ఏడాది మొదటి పున్నమినాడు ఇంటిల్లిపాదీ తమ కీడునంతా పతంగి మీద రాసి, ఎగరేసి, దారం తెంపేసేవాళ్లట. నాన్న పత్రికలో చదివి వినిపించగానే, ఏటా చలిజ్వరంతో వణికే నానమ్మ అన్నను పతంగి ఎగరేయమంది. తెంపేదానికి ఎగరేయడమెందుకని వాడు మొరాయించాడు. మగపిల్లల ఆటంటూ నన్నెన్నడూ ముట్టనియ్యని, దారం చుట్టిన చరఖా అట్లా నా చేతికొచ్చింది.

పతంగి మీద ‘చలిజ్వరం’ అని పెద్దక్షరాలతో రాసి, భద్రాచలం గోదావరి ఒడ్డున ఎగరేశాను. అది నది మధ్యకు చేరగానే నానమ్మ ఉన్న నాలుగు పళ్లతోనే దారం కొరికేసింది. పతంగి అవతలి గట్టు దాటి అడవి మీదికి పోయింది.

"తెగింది. ఓడిపోయిన్రు," అన్నాడు అన్న.

"తెగుడేందిరా? మేమే తెంపినం," అంది నానమ్మ, ఎత్తిన తల దించకుండా.